వహీద్ ఎడమకాలు ఊరేగిన చలికాలం

లతీఫ్ ఎద్దును పండబెడుతుంటే మా ఊళ్ళో పని మానుకొని చూసేవాళ్ళం. హాలియా నుంచి కాలువగట్టు మీదుగా వస్తే మొదట తగిలే ఇల్లు ఆయనది. దాని ఎదురిల్లు మాది. ఇంటిముందు జాగాలో ఎడ్ల డెక్కలకు ఇనుప నాడాలు కొట్టడం ఆయన పని. ఎద్దు నడుముకూ కాళ్ళకూ పగ్గం మెలివేసి, రెండు పాదాలూ నేలకు తన్నిపెట్టి వెనక్కి వాలాడంటే, ఎంత పొగరుబోతు ఎద్దయినా నిద్రొచ్చిన పసిపిల్లలా ఒక పక్కకు ఒరిగేది. ఒకసారి ఎద్దుతోపాటు దాని వెనకున్న బండీ, బండిలో కూర్చున్న పటేలూ కూడా పడుకున్నారని నేను చెబుతుంటాను. పటేలు మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు.

ఆ పనికి రెండు కాళ్ళూ కావాలి. లతీఫ్ కొడుకు వహీద్‌కు ఒకటే పూర్తిగా ఉండేది.

వహీద్ పసివాడుగా ఉన్నప్పుడు, బడిలో వేసిన కొత్తలో, ఒక వానాకాలం పొద్దున కాలు నొప్పి అని ఏడ్చాడు. ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. బడి ఎగ్గొట్టడానికి వేషాలు వేస్తున్నాడనుకొని వాళ్ళమ్మ అమీరున్నీసా చేయి పట్టుకొని బడిదాకా నడిపించి వచ్చింది. వారం తిరగకముందే మోకాలి కింద వాచి, ఎముకకు చీము పట్టింది. నల్గొండ దవాఖానలో కోసి శుభ్రం చేశారు. ప్రాణం దక్కింది. కాలూ దక్కింది. కాని ఆ ఎముక అక్కడితో పెరగడం మానుకుంది. మిగతా వహీద్ అంతా పెరిగి పెద్దవాడయ్యాడు, ఎడమకాలు మాత్రం వెనకబడింది. మీసాలు వచ్చేసరికి అది కుడికాలికంటే బెత్తెడు పొట్టి.

తాను నడిపించడం వల్లనే కాలు చెడిందని అమీరున్నీసా మనసులో పడింది. ఎవరు కాదన్నా వినలేదు. ఇక వహీద్, కొలిమి దగ్గర కూర్చొని నాడాలు సాగగొట్టేవాడు, మేకులు అందించేవాడు. పగ్గం మాత్రం పట్టలేకపోయేవాడు. ఒకటి రెండుసార్లు పట్టి చూస్తే ఎద్దే అతన్ని పండబెట్టింది. పందొమ్మిది వందల తొంభై వచ్చేసరికి లతీఫ్‌కు నడుము పట్టేసింది. నాడాలు కొట్టాక ఎద్దు లేచేది, లతీఫ్ లేచేవాడు కాదు. వహీదూ నేనూ చెరో రెక్కా పట్టి లేపేవాళ్ళం. కొడుకు పగ్గం అందుకుంటే తప్ప ఆ ఇంట్లో పొయ్యి వెలిగే దారి లేదు.

ఆ రోజుల్లో మా జిల్లాలో ఎర్రజెండా పట్టినవాళ్ళకు సోవియట్ దేశం పుట్టింటిలాంటిది. భారత సోవియట్ మైత్రీ సంఘం వాళ్ళ పిలుపు మీద నల్గొండకు అక్కడి డాక్టర్లు కొందరు వచ్చారు. పొట్టి ఎముకలను సాగదీసే వైద్యం తమ దగ్గర ఉందని సభలో చెప్పారు. వెనక వరుసలో ఉన్న లతీఫ్ లేచి, "ఇనుము సాగుతది, నాకెర్కే. ఎముక ఎట్ల సాగుతది సారూ?" అని అడిగాడు. డాక్టర్ల పక్కనున్నాయన దాన్ని వాళ్ళ భాషలో చెప్పాడు. ఆ డాక్టరు నవ్వి, "తొందరపడకుండా లాగితే సాగుతుంది" అన్నాడు. పార్టీ పెద్దలు పూనుకున్నారు. తొంభై ఒకటి మొదట్లో, అంతకుముందు హైదరాబాదు కూడా చూడని వహీద్ మాస్కో విమానం ఎక్కాడు.

ఆగస్టులో తిరిగి వచ్చాడు. ఎడమకాలు బండి బయటికి చాపుకొని, ఊళ్ళోకి రాజులా వచ్చాడు. మోకాలి కింది నుంచి చీలమండదాకా ఇనుప కడియాలు, వాటిని కలుపుతూ నిలువు చువ్వలు, చువ్వలకు నట్లు. కడియాల నుంచి సన్నటి తీగలు చర్మంలోకి దూరి, ఎముకలోంచి అటుపక్క తేలాయి. ఎముకను మధ్యలో కోసి, ఆ చట్రం బిగించి, నట్లను రోజూ రవ్వంత తిప్పించారట. ముక్కలు రెండూ మెల్లగా దూరం జరుగుతుంటే మధ్య సందులో కొత్త ఎముక పుట్టుకొస్తుంది. అట్లా బెత్తెడూ వచ్చేసింది. తిప్పడం అయిపోయింది. ఇక ఆ కొత్త ఎముక గట్టిపడేదాకా చట్రం ఉండాలి.

మొదటి రోజే వచ్చి చూసినవాడు నర్సింహ. ఊళ్ళో అందరికంటే బలమైన ఎడ్లు అతనివి.

"ఏమిరా వహీదూ, మీ నాయిన ఎడ్లకు కొడితె, నీకు రష్యావోడు కొట్టిండా నాడాలు?"

"కొట్టిండు మామా. గని పగ్గమేసి పండబెట్టలె. సూదేస్తె నేనే పండుకున్న."

అక్కడి ముచ్చట్లు చెబుతుంటే జనం నోరు తెరిచి విన్నారు. ఆ దవాఖానలో పగటిపూట ఎవరూ మంచం మీద ఉండరట. చట్రాలు తొడుక్కున్నవాళ్ళంతా వరండాలో నడుస్తారట, బంతి ఆడతారట, ఆదివారం ఎవరో హార్మోనియంలాంటి పెట్టె వాయిస్తుంటే చిందులేస్తారట. తెల్లవారితే ఒక లావుపాటి నర్సమ్మ దుప్పట్లు లాగేసి, "హదీ! హదీ!" అని అరుస్తుందట. నడువు అని అర్థం. ఊళ్ళో కోతలు కోయడంలో నాదొక్కడిదే దుకాణం అనుకొని బతుకుతున్న నాకు, ఎదురుగా పోటీ దుకాణం తెరిచాడని మొదట కొంచెం కష్టమేసింది. అందుకని నేనూ ఒకటి కలిపాను. ఆ చలిదేశంలో కోడిపెట్ట గుడ్డు పెట్టేముందు వంటింట్లోకొచ్చి పొయ్యి దగ్గర పీట వేసుకుంటుందని. జనం కోడి సంగతి నమ్మారు. చిందుల సంగతి నమ్మలేదు.

వహీద్‌తోపాటు అక్కడి డాక్టరు ఇంగ్లీషులో ఒక కాగితం పంపాడు. కాన్వెంటులో సిస్టరమ్మల బెత్తం కింద నేర్చుకున్న ఇంగ్లీషు నాకు ఊళ్ళో పనికొచ్చింది అదే మొదటిసారి. చదివి అమీరున్నీసాకు చెప్పాను.

"బిడ్డా, నడవాలట. కాలుమీద బరువేసి దినాం నడవాలట. బరువు పడితెనే ఎముక గట్టిపడతదట."

అమీరున్నీసా నా వంక అనుమానంగా చూసింది. "కాయితంల నిజంగ గట్లనే ఉన్నదా ఇన్నయ్య మామా? కోడి పీటేసుకున్నట్టు ఇది గూడ నువ్వే కలిపినవా?"

ఊళ్ళో నా పేరు అలాంటిది.

వహీద్ మంచానికి అతుక్కుపోయాడు. లేవబోతే అమీరున్నీసా గుండెలు బాదుకునేది. "ఒకపారి నడిపించి చేసిన పాపం చాలు. మల్ల నేను ఆ కాలు కింద పెట్టనియ్య" అనేది. పొగరుబోతు ఎడ్లను పండబెట్టిన లతీఫ్ ఆమె ముందు పిల్లిలా కూర్చునేవాడు. పైగా మా దిక్కు కాలు బాగాలేనివాణ్ణి చూడటానికి వెళితే అతను పడుకొనే ఉండాలి. బ్రెడ్డూ అరటిపండ్లూ పట్టుకొని పక్క ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు రోగి నడుస్తూ ఎదురైతే మర్యాద తప్పినట్టే. ఒకసారి వహీద్ గోడ పట్టుకొని నిలబడి ఉండగా గొర్లకాపరి బీరప్ప వచ్చాడు. వాకిట్లోనే ఆగిపోయి, "ఇనుము దిగిన కాలు కింద పెట్టిస్తున్నవా? నువ్వు తల్లివేనా చెల్లె?" అన్నాడు. ఆ మాటతో వహీద్ మళ్ళీ మంచమెక్కాడు. నిజం చెప్పాలంటే అతనికీ లోపల భయమే. అక్కడ లావుపాటి నర్సమ్మ ఉంది, ఇక్కడ లేదు.

దసరా పోయాక నల్గొండలో ఎముకల డాక్టరు మంజులతమ్మ దగ్గరికి ఎక్స్‌రేకు తీసుకెళ్ళాం. ఆమె ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకొని చాలాసేపు చూసింది. కోసిన ముక్కలు రెండూ తెల్లగా ఉన్నాయి. మధ్యలో కొత్త ఎముక ఉండవలసిన చోట తడికట్టె పొగలాంటిది కనిపిస్తోంది.

"నడుస్తున్నవా?" అంది.

వహీద్ తల వంచుకున్నాడు. అమీరున్నీసా గర్వంగా ముందుకొచ్చింది. "నడవనిస్తమా డాక్టరమ్మా! ఇంటికొచ్చినంక ఆ కాలుకు మన్ను అంటలె."

డాక్టరమ్మ ఫిల్ము పక్కన పెట్టి నుదురు పట్టుకుంది. "అమ్మా, బరువు పడకుంటే ఇది ఎముక కాదు, ఇట్ల పొగలెక్కనే ఉంటది. చట్రం తీసిననాడు కాలు వంగుతది. మల్ల కోసి బిగించుడు మాతోని కాదు. అక్కడికే పోవాలె. అక్కడ పరిస్థితి ఎట్లున్నదో పేపర్ల చూస్తున్నరు గద?"

చూస్తూనే ఉన్నాం. వహీద్ వచ్చిన నెలలోనే మాస్కో వీధుల్లో ట్యాంకులు తిరిగాయని రేడియో చెప్పింది. హాలియా పార్టీ ఆఫీసులో అప్పటినుంచి ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఈ కాలు నిలిస్తే ఇప్పుడే నిలవాలి. రెండోసారి పంపే దిక్కు లేదు.

డాక్టరమ్మ ముందు అన్నిటికీ తల ఊపిన అమీరున్నీసా, ఇంటికొచ్చాక కొడుకు మంచం దిగబోతే చేతులు అడ్డం పెట్టింది. ఆమెకు అర్థం కాక కాదు. వాడు పాదం నేలకు ఆనిస్తే చాలు, ఆమెకు ఆ వానాకాలం పొద్దుటి ఏడుపు వినిపించేది.

అప్పుడు సాలమ్మ మేక తప్పిపోయింది.

సాలమ్మ మా వాడకట్టులో ముసలామె. మేకకోసం వెతికి వెతికి, దారిలో వహీద్‌ను చూడటానికి వచ్చి, మంచం పక్కన కూర్చుంది. మిలమిల మెరుస్తున్న ఆ కడియాలనూ చువ్వలనూ చూస్తే ఆమెకు ఏమనిపించిందో, కొంగు అంచు నుంచి దారం తీసి పై కడియానికి ముడి వేసి దండం పెట్టుకుంది. మొహర్రానికి ఇత్తడి పీర్లకు దట్టీలు, దారాలు కట్టి మొక్కుకోవడం మా దిక్కు అన్ని కులాలకూ అలవాటే. ఆమె ఇల్లు చేరేసరికి మేక గుమ్మం ముందు నెమరేస్తూ ఉంది. పొద్దుగూకితే మేకలు ఇంటికి రావడం లోకంలో ఉన్నదే. కాని మర్నాడు పొద్దుటికి ఆ సంగతి కాలువకు రెండు పక్కలా పాకింది.

ఇక ఆడవాళ్ళు వరస కట్టారు. బాలనర్సమ్మ కొడుకు ఉద్యోగానికి ఒక దారం, గుర్వమ్మ కోడలు కాన్పుకు ఒక దారం. పసుపు నీళ్ళు చల్లబోతే నేను పరుగెత్తి ఆపాను. "రష్యా ఇనుముకు పసుపు పడదు, దారం కూడా పైకడియానికే కట్టాలె, తీగల జోలికి పోతే కళ్ళు పోతయి" అని అక్కడికక్కడే శాస్త్రం పుట్టించాను. తీగలు దిగినచోట చీము పడితే ఏమవుతుందో వాళ్ళకు చెప్పినా వినరు, కళ్ళు పోతాయంటే వింటారు.

వహీద్‌కు తల కొట్టేసినట్టయింది. "తాతా, నేను పీరునా? గిది తప్పు. వీళ్ళందరిని ఎల్లగొట్టు."

"నీకు గాదురా మొక్కేది, ఇనుముకు. నువ్వు ఉత్త గుంజవి. జర ఓపిక పట్టు" అన్నాను. అప్పటికే నాకొక ఆలోచన తట్టింది. ఎందుకంటే ఆ ఎర్రదారాల మధ్య ఒక ఆకుపచ్చది కనబడింది. అది అమీరున్నీసా దుపట్టా అంచుది.

మర్నాడు ఆడవాళ్ళంతా చేరిన వేళ చూసి, తెలియనట్టు అడిగాను.

"నాకు తెల్వకడుగుత గుర్వమ్మా. మొహర్రం నాడు పీర్లు కొట్టంల పండుకొని ఉంటయా?"

"ఎందుకుంటయి? ఇంటింటికి పోతయి."

"పోకుంటే?"

"పోకుంటె మొక్కెట్ల తీరుతది?" అన్నది గుర్వమ్మ. అని, మంచం మీద పడుకున్న చట్రం వంక చూసి, చేత్తో నోరు మూసుకుంది. "అయ్యో! గందుకేనా మా కోడలికి దినాలెల్లినా నొప్పులు వస్తలేవు!"

అందరూ అమీరున్నీసా వైపు తిరిగారు. "కట్టించుకున్నది ఇంట్ల పెట్టుకొని కూసుంటవా అమీరమ్మా? తియ్యి బయటికి!"

"వాని కాలు..." అన్నది ఆమె.

"నువ్వు గూడ కట్టినవు గద బిడ్డా" అన్నాను మెల్లగా. "ఆకుపచ్చది."

ఆమె పక్కకు జరిగి గోడకు ఆనుకొని కళ్ళు మూసుకుంది. వహీద్ చంకకర్రలు అందుకొని లేచాడు. కుడికాలు వేశాడు. ఎడమకాలు వేసి, దాని మీద బరువు ఆనించాడు. ముఖమంతా చెమట. చట్రం కిర్రుమంది. కాలు విరగలేదు. మనిషి పడలేదు. రెండో అడుగు వేసేసరికి నాకు తెలియకుండా నేనే "హదీ!" అని అరిచాను. అమీరున్నీసా కళ్ళు తెరిచేసరికి కొడుకు గడప దాటి వాకిట్లో ఉన్నాడు. ఆమె పరుగున వెళ్ళి, పడితే పట్టుకుందామని రెండు చేతులూ చాపుకొని వెనకే నడిచింది.

మొదటి ఇల్లు సాలమ్మది, బాగానే జరిగింది. రెండో ఇల్లు గుర్వమ్మది. ఆమె ముందే పరుగెత్తి బిందెడు నీళ్ళతో గుమ్మంలో నిలబడి ఉంది. పీరు వస్తే మోసేవాడి కాళ్ళమీద నీళ్ళు పోయడం ఆచారం. ఆ సంగతి నేను మరిచిపోయాను. తీగలు దిగిన పుండ్లమీద కాలువ నీళ్ళు పడితే అంతే సంగతులు. అడ్డం దూకాను. బిందెడు నీళ్ళూ నా మీద పడ్డాయి.

"నీకెందుకు పోయాలె ముసలోడా!" అన్నది గుర్వమ్మ.

"గిది చలిదేశం పీరు" అన్నాను వణుకుతూ. "నీళ్ళు పడవు. వేడివేడి చాయ్ పడతది. కాళ్ళకు గాదు, నోట్లెకు."

ఆ శాస్త్రం కూడా నిలబడింది. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. రెండు రోజులకు గుర్వమ్మ కోడలికి మగపిల్లవాడు పుట్టాడు. వాడు పుట్టగానే నడిచాడని నేను చెప్పను గాని, ఆ తరువాత వహీద్‌ను మంచం మీద ఉండనిచ్చిన ఇల్లు మా ఊళ్ళో లేదు. ఈరోజు మా వాడకు, రేపు మీ వాడకు. ఆ చలికాలం మా ఊరికి చాయపత్తి చాలక హాలియా సేటు లారీ తెప్పించాడు. లారీ కాదు, సంచి అని లతీఫ్ అంటాడు. మొదట్లో రెండు చంకకర్రలు ఉండేవి. వరికోతల నాటికి ఒకటైంది. తరువాత చేతికర్ర. "వహీదు నడిస్తె చూడబుద్దయితాంది" అని, తల్లివేనా అని అడిగిన బీరప్పే ఒకరోజు గట్టు మీద నిలబడి అన్నాడు.

డిసెంబరు చివర్లో సోవియట్ దేశమే లేకుండా పోయిందని రేడియో చెప్పింది. పార్టీ ఆఫీసు ముందు మనుషులు చావు ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. నర్సింహ మాత్రం లతీఫ్ దగ్గరికొచ్చి, "గంత పెద్ద దేశం నిలబడలె. నీ కొడుకు కాలు నిలబడితే చాలు నాయినా" అన్నాడు. ఆ మాటకు మేమెవరం నవ్వలేదు.

సంక్రాంతి దాటాక మళ్ళీ నల్గొండ వెళ్ళాం. మంజులతమ్మ ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టింది. పొగ లేదు. పైముక్కకూ కిందిముక్కకూ మధ్య తెల్లటి ఎముక నిండుగా కూర్చుంది.

"ఎంత నడిచినవయ్యా?"

"ఊరంత డాక్టరమ్మా" అన్నాడు వహీద్.

అమీరున్నీసా ముందుకొచ్చి ఆ తెల్లటి చోట వేలు పెట్టింది. "ఇది... నడిస్తెనే అయిందా?"

"నడిస్తెనే అయిందమ్మా."

"మరి చిన్నప్పుడు?" అన్నది ఆమె. "జ్వరమున్నా నేనే బడికి నడిపించిన. గప్పుడు చెడిపోయింది గద కాలు?"

డాక్టరమ్మకు ఆ సంగతి తెలియదు. వివరం అడిగి తెలుసుకొని, ఫిల్ము కింద పెట్టింది. "నడిపించినందుకు చీము పడతదా ఎక్కడన్న? అప్పటికే రక్తంలకెల్లి ఎముకల చేరింది. నువ్వు ఆనాడు వాణ్ణి ఎత్తుకపోయినా వచ్చేదే. నీదేం తప్పు లేదమ్మా."

మేము ఇన్నేళ్ళు చెప్పిన మాటే అది. కాని తెల్లటి ఎముక ఎదురుగా పెట్టుకొని మేమెన్నడూ చెప్పలేదు. అమీరున్నీసా వరండాలో బెంచీ మీద కూర్చొని కాసేపు ఏడ్చింది. తరువాత ముఖం తుడుచుకొని, "మామా, ఆకలయితాంది" అన్నది. ఆమె ఆకలి అనడం నేను విన్నది అదే మొదటిసారి. హోటల్లో పూరీలు తిని, ఇంకో ప్లేటు చెప్పించుకుంది. బస్సు నల్గొండ దాటకముందే కొడుకు భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

చట్రం హైదరాబాదులో తీశారు. దానికి ముందే వహీద్ దారాలన్నీ విప్పి, ఆడవాళ్ళ ఎదుటనే కాలువలో వదిలేశాడు. బాలనర్సమ్మ కొడుక్కు ఉద్యోగం రాలేదు. "రష్యా ఇంకొన్ని దినాలుంటే వస్తుండె" అని ఆమె ఇప్పటికీ అంటుంది.

తొలకరికి ముందు నర్సింహ తన ఎద్దును తోలుకొచ్చాడు. దుక్కులకు ముందు నాడాలు మార్చాలి. లతీఫ్ పగ్గం అందుకోబోతే వహీద్ తీసుకున్నాడు. నడుముకు వేశాడు, కాళ్ళకు మెలి వేశాడు. రెండు పాదాలూ నేలకు తన్నిపెట్టి వెనక్కి వాలాడు. ఎద్దు కదలలేదు.

"ఎడమకాలు జర ఎన్కకు!" అని అరిచాడు లతీఫ్. "భయపడకు, ఆన్చు!"

వహీద్ ఎడమకాలు వెనక్కి వేసి, మనిషి బరువంతా దాని మీద మోపాడు. మేమంతా ఎద్దును చూడటం మానేసి ఆ కాలునే చూస్తున్నాం. ఎద్దు ఒకసారి బుసకొట్టి, తూలి, పక్కకు ఒరిగింది. నర్సింహ ఈల వేశాడు. "నా ఎద్దు పోతే పాయె గని, కాలు మంచిగున్నదారా?"

"మంచిగున్నది మామా" అన్నాడు వహీద్, మోకాలు ఎద్దు మీద ఆనించి.

లతీఫ్ కాసేపు నిలబడి చూశాడు. పగ్గం సరిగ్గా పడిందని, డెక్క సమంగా చెక్కుతున్నాడని, ఇక తాను చెప్పవలసింది ఏమీ లేదని తేలాక, వెళ్ళి నులకమంచం మీద నడుము వాల్చాడు. సుత్తి చప్పుడు మొదలయ్యేసరికి నిద్రపోయాడు. అమీరున్నీసా ఆయన ముఖం మీద ఎండ పడకుండా తువ్వాల కప్పి, మేకుల డబ్బా తీసుకొని కొడుకు పక్కన కూర్చుంది.